అడగడానికి వచ్చే మనిషి

మా అన్నయ్య సంగతి ఎవరిని అడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. చర్చిలో సగం మంది "నిప్పులాంటి మనిషి" అంటారు. మిగతా సగం "కన్నకొడుకునే దూరం పెట్టిన కఠినుడు" అంటారు. ఎవరి మాట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. అన్నయ్య నిప్పూ కాదు, బండరాయీ కాదు. తలుపులకి తగిలించే పేరు పలకలు చేసుకుని బతికిన మనిషి. అరవై దాటినా నన్ను "ఏమే పిల్లా" అని పిలిచిన మనిషి. తోడబుట్టినదాన్ని, పక్క వాటాలోనే కాపురం ఉన్నదాన్ని, నాకు తెలిసింది నేను చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నోరు జారితే ఏమీ అనుకోకండి. నా నోరు మొదటినుంచీ అంతే.

అన్నయ్య దుకాణం సందు మొదట్లో, మందుల షాపుకీ ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడు గుమ్మం బయట ఆగాల్సిందే. ఇత్తడి రేకు కొలిచి కోసి, అంచులు ఆకురాయితో రాసి, మిషను మీద బిగించి అక్షరాలు చెక్కేవాడు. చెక్కిన గాట్లలో నల్లరంగు నింపి, ఆరాక పైపైన రుద్ది మెరుగు పెట్టేవాడు. ఊళ్ళో డాక్టర్లు, లాయర్లు, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, అందరి పేర్లూ ఆ చేతిమీదుగా వెళ్ళినవే. తన దుకాణానికి మాత్రం బోర్డు ఉండేది కాదు. అదేమిటని అడిగితే "తీరిక లేదే పిల్లా" అనేవాడు.

మా చర్చిలో ఒక పాత పద్ధతి ఉండేది. దాని గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మూడు నెలలకోసారి మాకు ఏసుప్రభువు ఆఖరి విందు గుర్తుగా ప్రభువు బల్ల ఉంటుంది. ఆ ఆదివారం ముందు వరుస బెంచీలు తీసేసి, పొడుగాటి బల్ల వేసి, తెల్లగుడ్డ పరుస్తారు. జనం జట్లు జట్లుగా వెళ్ళి బల్లకి రెండువైపులా ఎదురెదురుగా కూర్చుని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. అయితే ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి కూర్చోవడానికి ఉండేది కాదు. చేతిలో బిళ్ళ ఉండాలి. చొక్కా గుండీకన్నా కాస్త పెద్దది, ఇత్తడిది, మీద చిన్న గిన్నె బొమ్మ. పేరూ ఉండదు, నంబరూ ఉండదు.

ఆ బిళ్ళ చర్చిలో పంచేది కాదు. బల్లకి ముందు వారం సంఘం పెద్ద ఇంటింటికీ వెళ్ళి, కూర్చుని, ఇంట్లో ప్రతి మనిషినీ రెండు మాటలు అడిగేవాడు. ఎవరితోనైనా తేలని గొడవ ఉందా, దేవుడి ముందు పెట్టకుండా దాచుకున్న పని ఏదైనా ఉందా. లేదంటే బిళ్ళ చేతిలో పెట్టేవాడు. ఉందంటే, అది తేల్చుకున్నాక వచ్చేసారి. దాన్ని మేం బిళ్ళల వారం అనేవాళ్ళం. మా వైపు ఇళ్ళన్నిటికీ పెద్ద మా అన్నయ్యే. బిళ్ళలు చేసింది కూడా తనే, పలకలు కోయగా మిగిలిన ముక్కలతో.

ఇప్పటివాళ్ళకి ఇదంతా వింటే చిరాకు పుడుతుంది. మా ఇంటికొచ్చి మమ్మల్ని ప్రశ్నలడగడానికి నువ్వెవరివయ్యా అంటారు. అప్పుడూ అన్నవాళ్ళున్నారు. చర్చికి కొత్త పైకప్పు వేయించిన కాంట్రాక్టరు ఉండేవాడు. తన దగ్గర పనిచేస్తూ కాలు విరగ్గొట్టుకున్న కూలివాణ్ణి గాలికి వదిలేశాడని తెలిసి, అన్నయ్య అతనింట్లో మెత్తటి సోఫాలో కూర్చుని, రెండు మాటలూ అడిగి, బిళ్ళల సంచి మూతి బిగించి, కాఫీ తాగి వచ్చేశాడు. కాంట్రాక్టరు ఒంటికాలి మీద లేచాడు. అన్నయ్య చలించలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అడిగాడు. చివరికి కాంట్రాక్టరు ఆ కూలివాడికి తన గోదాములో కూర్చుని చేసే పని ఇచ్చాడు, బిళ్ళా అందుకున్నాడు. ఆ రోజు ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారట. ఇది కాంట్రాక్టరు భార్య చెప్పింది, అన్నయ్య చెప్పలేదు.

తన విషయంలో కూడా అంతే. మా అమ్మ కుట్టుమిషను నాకు చెప్పకుండా వీధి చివర ఉండే ఒక విధవరాలికి ఇచ్చేశాడొకసారి. నేను ఊరుకుంటానా, ఇల్లు పీకి పందిరేశాను. ఆ మూణ్ణెల్ల బల్లకి అన్నయ్య నాకు బిళ్ళ ఇచ్చి, తను మాత్రం తీసుకోకుండా చివరి బెంచీలో కూర్చున్నాడు. జనమంతా చూస్తున్నారు, పెద్దే వెనక కూర్చున్నాడేమిటని. "మన మధ్య మాట తేలలేదు కదే. ఇద్దరిలో ఒకరు ఆగాలి. తప్పు చేసినవాడిని నేనే ఆగుతాను" అన్నాడు. నాకు సిగ్గూ కోపం రెండూ వచ్చాయి. ఆ సాయంత్రమే వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, నన్ను క్షమించమని అడిగాడు. కుట్టుమిషను మాత్రం వెనక్కి తేలేదు. దాని గురించి నాకు ఇప్పటికీ కోపమే.

అన్నయ్యకి ఒక్కడే కొడుకు. వాడు బడికి పోయే వయసులోనే వదిన చనిపోయింది. వాడు సగం నా చేతి ముద్దలు తినే పెరిగాడు. మిగతా సగం ఆ దుకాణంలో, ఇత్తడి పొడిలో పెరిగాడు. పనిలో తండ్రిని మించిన చెయ్యి. పెద్దయ్యాక బోర్డుల కంపెనీలో కంప్యూటరు మిషన్ల మీద ఉద్యోగం దొరికింది. అయినా సెలవురోజు వచ్చిందంటే దుకాణంలోనే ఉండేవాడు. తండ్రీకొడుకులు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకరు కోస్తే ఒకరు రాసేవాళ్ళు. నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకెళ్ళేసరికి ఇద్దరి మొహాలూ ఒకేలా మసి పట్టి ఉండేవి.

అలా అన్నం పట్టుకెళ్ళిన రోజునే విన్నాను. "నాన్నా, నాకు సంబంధాలు చూడటం ఆపెయ్" అంటున్నాడు వాడు. మిషను తిరుగుతూనే ఉంది. "నేను అతనితో కలిసి ఉండబోతున్నా. స్నేహితుడిగా కాదు."

అతను ఎవరో మాకు తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే అబ్బాయి. రెండు మూడుసార్లు ఇంటికి వచ్చి నా చేతి వంట మెచ్చుకుని మరీ తిన్నాడు. అన్నయ్య మిషను ఆపాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నువ్వు నా కొడుకువి. అది మారదు" అన్నాడు చివరికి. "ఇంట్లో నీ కంచం నీదే. కాని నా దేవుడు తప్పన్నదాన్ని నేను ఒప్పు అనలేనురా. నువ్వు అడిగినా అనలేను."

"నేను అడగట్లేదు నాన్నా."

"అడుగుతున్నావు. నోటితో అడగట్లేదంతే."

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. మా మేనల్లుడు ఆ నెలలోనే బట్టలు సర్దుకుని ఊరికి అవతలి చివర, మూడో అంతస్తులో చిన్న వాటా తీసుకున్నాడు. నా నమ్మకమూ అన్నయ్య నమ్మకమే, దాచుకోవడం దేనికి. ఆ దారి సరైనది కాదనే నేనూ అనుకుంటాను. అయినా వాడు పెట్టె మోసుకుని మెట్లు దిగుతుంటే నేను నమ్మకాల గురించి ఆలోచించలేదు. పొద్దున ఏం తిన్నాడా అని ఆలోచించాను.

తర్వాత బిళ్ళల వారం వచ్చింది. అన్నయ్య మా ఇళ్ళన్నీ తిరగడం అయిపోయాక, చివర్న రెండు బస్సులు మారి కొడుకు ఇంటికి వెళ్ళాడు. ఆ పేట మా పెద్దల లెక్కలో లేదు. ఎవరూ వెళ్ళమనలేదు. నేను ఉండబట్టలేక వెంటపడ్డాను.

తలుపు తీసింది కళ్ళజోళ్ళ అబ్బాయి. "రండి అత్తయ్యగారూ" అన్నాడు. నేను నీకు అత్తయ్యనెలా అయ్యానయ్యా అని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. అతను మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి తప్పుకున్నాడు. గదిలో రెండు కుర్చీలు, ఒక మంచం, కిటికీ కింద ఆరేసిన చొక్కాలు. అన్నయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అందరినీ అడిగినట్టే, అదే గొంతుతో ఆ రెండు మాటలూ అడిగాడు.

"ఏమీ మారలేదు నాన్నా" అన్నాడు వాడు.

"సరే" అన్నాడు అన్నయ్య. సంచి పక్కన పెట్టాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఆ తర్వాత గంటసేపు ఇద్దరూ ఇత్తడి రేకు నాణ్యత పడిపోయిందని, కొత్త రంగు ఎండకి పెచ్చులూడుతోందని మాట్లాడుకున్నారు. అన్నేళ్ళూ దుకాణంలో మాట్లాడనివన్నీ ఆ ఒక్క గంటలో మాట్లాడారు. వంటింట్లోంచి టీ వచ్చింది. అన్నయ్య తాగాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ప్రతి మూణ్ణెల్లకీ వెళ్ళేవాడు, అడిగేవాడు, ఇవ్వకుండా వచ్చేవాడు. నేను తిట్టని తిట్టు లేదు. "ఇచ్చేది లేనప్పుడు పోవడం ఎందుకు, పుండు మీద కారం చల్లడానికా" అనేదాన్ని. ఒకసారి వాడే అడిగేశాడు. ఆ రోజు వాడికి జ్వరంగా ఉంది, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఎందుకు నాన్నా ఇంత దూరం వచ్చి అడుగుతావు? నా జవాబు నీకు తెలుసు కదా."

"తెలుసు. ఇవ్వడానికే అయితే రావక్కర్లేదు. నేను అడగడానికి వస్తాను" అన్నాడు అన్నయ్య. "అడగడం మానేసిన రోజున నిన్ను వదిలేసినట్టురా. అప్పటిదాకా వదల్లేదని గుర్తు."

వాడు నవ్వాడు. "నువ్వు మారవు" అన్నాడు. అన్నయ్య కూడా నవ్వాడు. "నువ్వు మారావా ఏంటి" అన్నాడు. ఆ రోజు బస్సులో నేను అన్నయ్యని ఏమీ అనలేదు. ఎందుకో ప్రాణం కాస్త కుదుటపడింది.

అలా ఉండగా పాత పాస్టరు గారు రిటైరయ్యారు. కొత్తాయన వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, నవ్వు మొహం. ఆయన మీద నేను ఒక్క చెడ్డమాట చెప్పను, చెబితే కళ్ళు పోతాయి. రోగుల దగ్గర కూర్చునేవాడు, పిల్లలకి పాటలు నేర్పేవాడు. వచ్చిన ఏడాదికి సంఘం మీటింగు పెట్టి బిళ్ళల సంగతి ఎత్తాడు. లోకం మారిందన్నాడు. ఇన్నాళ్ళూ చర్చి ఎంతోమందిని గుమ్మం బయట నిలబెట్టి గాయపరిచిందన్నాడు. ఇకమీదట బల్ల దగ్గరికి ఎవరైనా రావచ్చు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదన్నాడు.

"ఎవరు అర్హులో తేల్చడానికి మనమెవరం చెప్పండి?" అన్నాడు అన్నయ్య వైపు చూసి.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడటం తనకి చేతకాదు. బెంచీ వీపు పట్టుకుని మాట్లాడాడు.

"తేల్చడానికి కాదు బాబూ, అడగడానికి. ప్రభువు అందర్నీ పిలిచాడు, నిజమే. నన్నూ పిలిచాడు. పిలిచి, నువ్వు ఎలా ఉన్నావో అలాగే ఉండిపో అనలేదు. నన్ను ఏ రోజూ ఊరికే వదల్లేదు. ప్రేమ అంటే నాకు తెలిసింది అదే. తలుపు తీసి పెడదామంటున్నారు, పెట్టండి. తలుపు తీశాం కదా అని మనం లోపలే కూర్చుంటే, రాలేనివాడి దగ్గరికి ఎవరు వెళ్తారు?"

వెనకనుంచి ఎవరో "నీ కొడుకు కోసమైనా ఒప్పుకోవయ్యా" అన్నారు.

"నా కొడుకు కోసమే ఒప్పుకోవట్లేదు" అన్నాడు అన్నయ్య, కూర్చున్నాడు.

చేతులెత్తించారు. బిళ్ళలు పోయాయి. బయటికి వస్తుంటే అన్నయ్య వైపు చెయ్యెత్తిన ఒకాయన దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "బాగా చెప్పారు. అలాంటివాళ్ళని గేటు దగ్గరే ఆపాలి" అన్నాడు. అన్నయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీ తమ్ముడితో మాట తేలిపోయిందని చెప్పి పోయినసారి నా దగ్గర బిళ్ళ తీసుకున్నారు. నిజంగా తేలిందా?" అన్నాడు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. అటువాళ్ళకీ చెడ్డవాడే, ఇటువాళ్ళకీ చెడ్డవాడే మా అన్నయ్య.

పాస్టరు గారు గేటుకి పెద్ద పలక చేయించాలన్నారు. "అందరికీ స్వాగతం" అని. ఆ పని ఎవరికిచ్చారనుకున్నారు, అన్నయ్యకే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యనని మొహం మీద చెప్పమన్నాను. "ఆ మాటలో తప్పేముందే? నిజమే కదా" అన్నాడు. మంచి రేకు తీసి, వారం రోజులు కూర్చుని చెక్కాడు. తన చేతిలోంచి వెళ్ళినవాటిలో అంత అందమైన పలక నేను చూడలేదు.

మూడు నెలలు తిరిగాయి. బిళ్ళల వారం వచ్చింది, వెళ్ళింది. ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదు. వీధి చివర ఆ కుట్టుమిషను ముసలావిడ మంచం పట్టి ఉంది. నేను కనబడగానే "ఏమ్మా, ఈసారి నన్నెవరూ అడగడానికి రాలేదేం, పోయాననుకున్నారా" అంది. గేటుకి అంత పెద్ద పలక తగిలించిన మహానుభావులకి ఆ ముసలిదాని గుమ్మం కనబడలేదు. నాకు కోపం పాస్టరు గారి మీద కాదు, అందరి మీదా. నా మీద కూడా ఉండాలేమో గాని, నా దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది.

"నువ్వు వెళ్ళవా?" అని అడిగాను అన్నయ్యని. "వాడి దగ్గరికి."

"ఏ పని మీద వెళ్ళను? సంఘం అడగొద్దంది."

"కొడుకు ఇంటికి వెళ్ళడానికి పని కావాలా?"

అన్నయ్య లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు. నాకు తర్వాత అర్థమైంది. జీవితమంతా సంచి చేత్తో పట్టుకోకుండా తను ఒక్కరి గడపా తొక్కలేదు. వట్టి చేతులతో వెళ్ళి "ఎలా ఉన్నావు" అని అడగడం ఎలాగో ఆ మనిషికి తెలియదు. వెళ్ళకపోతే కొడుకు ఏమనుకుంటాడో తనకి తోచలేదు. తన నోటితోనే కదా చెప్పాడు, అడగడం మానేస్తే వదిలేసినట్టని.

ఆ ఆదివారం కొత్త పద్ధతిలో మొదటి బల్ల. చర్చి కిటకిటలాడింది. మొదటి జట్టులోనే అన్నయ్య, నేను వెళ్ళి కూర్చున్నాం. జనం సర్దుకుంటుండగా వెనకనుంచి ఎవరో నడిచి వచ్చి, బల్లకి అవతలి వైపు, సరిగ్గా అన్నయ్యకి ఎదురుగా కూర్చున్నారు. తలెత్తి చూస్తే మా మేనల్లుడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. ఏళ్ళ తర్వాత వాణ్ణి ఆ బల్ల దగ్గర చూశాను. తండ్రిని చూసి చిన్నగా నవ్వాడు. పాస్టరు గారి మొహం వెలిగిపోయింది.

అన్నయ్య కొడుకు వైపు చూస్తూనే ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. అవి పక్కన కూర్చున్న నాకు కనబడ్డాయి, ఎదురుగా ఉన్నవాడికి కనబడ్డాయో లేదో తెలియదు. పళ్ళెం అటు చివరనుంచి బయల్దేరింది. అన్నయ్య రెండు చేతులూ బల్ల మీద ఆనించి, లేచి, తల వంచుకుని చివరి బెంచీకి వెళ్ళిపోయాడు.

చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. వాడి మొహం పాలిపోయింది. పళ్ళెం వాడి దగ్గరికొచ్చింది. వాడు తీసుకోలేదు. పక్కావిడకి అందించి, లేచి, పక్క తలుపు గుండా బయటికి వెళ్ళిపోయాడు. నా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

ఇంటి గుమ్మంలోకి రాగానే అన్నయ్యని కడిగేశాను. "పదిమందిలో కన్నకొడుకు పరువు తీశావు కదా, ఇప్పుడు చల్లగా ఉందా నీకు?"

అన్నయ్య చెప్పులు కూడా విప్పలేదు. "వాణ్ణి చూసి లేవలేదే. నా గురించి లేచాను. మా మధ్య మాట తేలలేదు. తేలనప్పుడు ఇద్దరిలో ఒకరు ఆగాలి. వాణ్ణి ఆగమనే హక్కు నాకు లేకుండా చేశారు. నన్ను నేను ఆపుకోవచ్చు కదా, అందుకని నేను ఆగాను. ఏమీ లేనట్టు వాడి ఎదురుగా కూర్చుని తింటే వాడికి అబద్ధం చెప్పినట్టు కాదా?" అన్నాడు. "వెనక్కి తిరిగి చూసేసరికి వాడు లేడు" అని, అక్కడే గోడకి ఆనుకుని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

రెండు వారాలు వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడో వారం బస్సెక్కి వెళ్ళాను. కళ్ళజోళ్ళ అబ్బాయి తలుపు తీసి, ఈసారి వంటింట్లోకి తప్పుకోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అత్తయ్యగారూ, ఆయన సరిగ్గా తినట్లేదు. మీరైనా చెప్పండి" అన్నాడు. నేను నోరు మూసుకుని తల ఊపాను.

మా మేనల్లుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను అన్నయ్య చెప్పిందంతా చెప్పాను, ఒక్క మాట కూడా కలపకుండా. వాడు విన్నాడు.

"నేను రొట్టె కోసం రాలేదత్తా" అన్నాడు. "అందరికీ చోటు ఉంది రమ్మని పాస్టరు గారు కబురు పెట్టారు. చోటు నాకెందుకు? ఆ వారం నాన్న రాలేదు. రావడం మానేశాడు, వదిలేశాడు అనుకున్నా. అయితే నేనే వెళ్తే పోలా అనుకుని వచ్చా. ఎదురుగా కూర్చుంటే, లేచి వెళ్ళిపోయాడు."

"నీ మీద కోపంతో కాదురా."

"అది ఆయన చెప్పాలి. ఆయన నోటితో వినాలి నేను. వచ్చి చెప్పమను అత్తా, మళ్ళీ అవే ప్రశ్నలు అడిగినా పర్వాలేదు."

నేను ఒక్క పరుగున ఇంటికి వచ్చి అన్నయ్యకి చెప్పాను. మొహంలో ప్రాణం వచ్చింది. "రమ్మన్నాడా? అడిగినా పర్వాలేదన్నాడా?" అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

"రేపే వెళ్ళు" అన్నాను.

"వెళ్తాను. బిళ్ళల వారం రానీ."

"బిళ్ళలే లేవు, ఇంకా వారం ఎక్కడిది? నీకేమైనా మతి పోయిందా?"

"బిళ్ళలు లేకపోతే వారం పోతుందా? అది మా వారమే. ఇన్నేళ్ళూ ఆ వారంలోనే వెళ్ళాను. ఇప్పుడు మధ్యలో వెళ్తే సంజాయిషీ చెప్పుకోవడానికి వచ్చాడనుకుంటాడు. ఆ వారంలో వెళ్తే, నేను మానలేదని వాడికే తెలుస్తుంది" అన్నాడు.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా. తను ఒకటి పట్టుకుంటే దేవుడు దిగి వచ్చినా వదలడు. పోనీ ఫోన్లో ఒక్క మాట చెప్పమన్నాను. "ఫోన్లో అడిగేవి కావే అవి" అన్నాడు. ఆ రెండు నెలలూ మనిషి మాత్రం హుషారుగా ఉన్నాడు. చొక్కా ఉతికించి పెట్టుకున్నాడు. కొత్త రంగు ఒకటి తెప్పించి, ఎండలో పెట్టి చూసి, ఇది పెచ్చులూడటం లేదు, వాడికి చెప్పాలి అనుకునేవాడు.

బిళ్ళల వారం ఇంకో వారం ఉందనగా, మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్ళేసరికి అన్నయ్య మిషను ముందు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. మిషను ఆపే ఉంది. నిద్రపోతున్నాడనుకుని కాసేపు తిట్టాను కూడా.

కబురు అందిన గంటలో మా మేనల్లుడు వచ్చాడు. కళ్ళజోళ్ళ అబ్బాయి కూడా వచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలు మోశాడు, నీళ్ళు పట్టాడు. పాస్టరు గారు వచ్చి మా మేనల్లుణ్ణి కావలించుకుని ఏడ్చారు. మర్నాడు పొద్దున శవపెట్టె మీద పెట్టడానికి పేరు పలక కావాల్సి వచ్చింది. ఊళ్ళో ఇత్తడి మీద ఆ పని చేసేది అన్నయ్య ఒక్కడే. వాడు దుకాణం తెరిచి మిషను ముందు కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

తండ్రి పేరు చెక్కాడు. రంగు నింపి ఆరబెట్టాడు. అంచులు రాస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు. "నేను రమ్మన్నానని చెప్పావా అత్తా?"

"ఆ రోజే చెప్పాను."

"మరి రాలేదేం?"

"వస్తానన్నాడురా. వచ్చే వారం వచ్చేవాడు. బిళ్ళల వారంలోనే రావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. అప్పుడైతే మానలేదని నీకు తెలుస్తుందట." అన్నాను. "ఇప్పుడే వెళ్ళు అన్నయ్యా అని ఎంత మొత్తుకున్నానో ఆ దేవుడికి తెలుసు."

వాడి చెయ్యి ఆగిపోయింది.

"ఆయన ఏ రోజు వస్తాడో ఎప్పుడూ చెప్పేవాడు కాదు కదా. అందుకని ప్రతిసారీ ఆ వారమంతా నేను సెలవు పెట్టుకునేవాణ్ణి" అన్నాడు. "ఈసారి రాడేమో అనుకున్నా. అయినా పెట్టా."

వాడు పలక మీద పొడి చొక్కా చేత్తో తుడిచాడు.

"పొద్దున కంపెనీకి ఫోన్ చేసి, ఆ సెలవు ఈ వారానికి మార్చమన్నా అత్తా" అన్నాడు.